హారం దాచిన లెక్క

(ఇంటర్ విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సభల చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



మేము పాఠాలు చెప్పేటోళ్లం కాదు. కోచింగ్ సెంటర్లు నడిపేటోళ్లం అసలే కాదు. డిగ్రీ చదువుకుంట ఉద్యమంల తిరిగి, ఆ తిరుగుడుల్నే పత్రిక పనికి వచ్చినోళ్లం. మీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే శక్తి మాకు లేదు. కాని ఉద్యమం మాకు ఒక విద్య నేర్పింది. లెక్క అడుగుడు. నీళ్లల్ల మా వాటా ఎంత, నిధులల్ల ఎంత, కొలువులల్ల ఎంత అని ఊరూర తిరిగి అడిగినం. అదే నోటితోని ఇయ్యాళ ఇంకో లెక్క అడుగుదామని మీ ముందటికి వచ్చినం.

మన ఊరి బడిల పది పాసైన పిల్లకు, పిల్లగానికి ఐఐటీల, ఎన్‌ఐటీల, పేరున్న మెడికల్ కాలేజీల, కేంద్ర విశ్వవిద్యాలయాలల్ల సీటొచ్చే అవకాశం ఎంత? ఈ ప్రశ్న లేని ఇల్లు లేదు. ఎకరం అమ్మాల్నా, ఆగాల్నా అని రాత్రిపూట మొగుడు పెండ్లాలు మాట్లాడుకునే మాట ఇదే. దీనికి సక్కటి జవాబు చెప్పినోళ్లే తక్కువ.

లవం చూపెడ్తరు, హారం దాస్తరు

ప్రతి ఎండకాలం ఫలితాలు రాంగనే పత్రికల మొదటి పేజీ కనవడది. నిండ ఫొటోలే. వంద లోపల మాకిన్ని ర్యాంకులు, వెయ్యి లోపల ఇన్ని అని పెద్ద పెద్ద అంకెలు. టీవీ పెడితే అవే అంకెలు పాట లెక్క వినవడ్తయి. ఎంతమందిని చేర్చుకుంటే అన్ని ర్యాంకులు వచ్చినయి అనే ముచ్చట మాత్రం ఎక్కడా ఉండది.

భిన్నానికి పైన లవం, కింద హారం ఉంటదని చిన్నప్పుడే చదువుకున్నం. హారం లేని భిన్నానికి విలువ కట్టలేం. వంద ర్యాంకులు అన్నరు సరే. వెయ్యి మందిల వందనా, లక్ష మందిల వందనా? రెండింటికి భూమికి ఆకాశానికి ఉన్నంత తేడా ఉన్నది. లవాన్ని బ్యానర్ల మీద రాసి, హారాన్ని ఆఫీసు బీరువల పెట్టి తాళమేసుడే ఈ యాపారం కిటుకు. తప్పుదారి పట్టించే కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇయ్యాల్సొచ్చిందంటే ముచ్చట ఎందాక పోయిందో అర్థం చేసుకోండ్రి. అదే ఏడాది జనవరిలో కేంద్ర విద్యాశాఖ, పదహారేండ్లు నిండని పిల్లలను కోచింగ్‌ల చేర్చుకోవద్దన్నది. అయినా ఆరో తరగతి నుంచే ‘ఫౌండేషన్’ అని బోర్డు పెట్టి బడి పేరు మీదనే నడిపే తొవ్వ దొరికింది.

మరి అసలు హారం ఎంత? 2025 లెక్కలే చూద్దాం. ఆ ఏడు జేఈఈ మెయిన్‌కు హాజరైనోళ్లు దాదాపు 14 లక్షల 75 వేల మంది. అందుల పైన ఉన్న రెండున్నర లక్షల మందికే అడ్వాన్స్‌డ్ రాసే అర్హత వస్తది. అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లు రాసినోళ్లు 1,80,422 మంది. క్వాలిఫై అయినోళ్లు 54,378 మంది. 23 ఐఐటీలల్ల కలిపి ఉన్న సీట్లు 18,160.

అంటే మెయిన్ రాసిన ఎనభై మందిల ఒక్కరికి ఐఐటీ సీటు. ఇంకో ముచ్చట మతిల పెట్టుకోండ్రి. క్వాలిఫై అయినోళ్లు సీట్లకు మూడింతలు. ‘మావోడు అడ్వాన్స్‌డ్ క్వాలిఫై’ అంటే సీటొచ్చినట్టు కాదు. నీట్‌ల గూడ ఇదే కత. 2025లో రాసినోళ్లు 22 లక్షలు దాటిండ్రు, క్వాలిఫై అయినోళ్లు 12 లక్షల పైచిలుకు. దేశంల ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల అటు ఇటు. అందుల సగం దాక ప్రైవేటువి, మనసొంటోళ్లు ఫీజు కట్టలేనియి.

ఈ అంకెలు చెప్పింది మిమ్మల్ని భయపెట్టనీకి కాదు. ఎనభై మందిల ఒక్కరికి దొరికే దాన్ని అందరికి దొరికేదిగా అమ్ముతున్నరని చెప్పనీకి. ఇంకో సంగతి గూడ ఉన్నది. ఎనభైల ఒకటి అనేది సగటు. సగటు ఎన్నడూ మన ఇంటి ముచ్చట చెప్పదు. ఒకరికి ఆ అవకాశం పదిల ఒకటి ఉంటది, ఇంకొకరికి వెయ్యిల ఒకటి గూడ ఉండది. ఈ తేడా పిల్లల మెదడుల లేదు. వాళ్లు నడిచొచ్చిన తొవ్వల ఉన్నది.

పదేండ్లకే మొదటి గేటు

సీటు సంగతి ఇంటర్‌ల తేలుతదని అనుకుంటం. ఇంటర్ దాక రాకముందే సగం తేలిపోతది. మన దిక్కు సర్కారు పిల్లలకు మొదటి గేటు ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష. రెండో గేటు ఆరో తరగతి నవోదయ పరీక్ష. పదేండ్ల పిల్ల. ఆ దరఖాస్తు తేదీ తెలిసిన పంతులు ఆ ఊర్ల ఉంటే ఆ పిల్ల తొవ్వ ఒక తీరు. తెలవని ఊర్ల ఉంటే ఇంకో తీరు.

గురుకులం అంటే మనకు కొత్త గాదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌ల ఉమ్మడి రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. పీవీ నరసింహారావు కాలం అది. తిండి, బట్ట, బుక్కు, పంతులు ఒక్క కాడ పెడితే పల్లె పిల్లలు ఎవ్వరికీ తీసిపోరని ఆ బడి చూపెట్టింది. ఇయ్యాళ గౌలిదొడ్డి గురుకులం నుంచి దళిత పిల్లలు ఐఐటీలకు పోతున్నరు. ఆ పిల్లల తల్లిదండ్రులల్ల కూలీలు ఉన్నరు, హమాలీలు ఉన్నరు. మెదడు ఎవని సొత్తూ గాదు అనేదానికి ఇంతకంటే రుజువు ఏం గావాలె?

నవోదయల సంగతి చూడండ్రి. ఉమ్మడి పది జిల్లాలల్ల హైదరాబాద్ తీసేస్తే తొమ్మిదే ఉండె. 2016లో జిల్లాలు పెరిగినయి, బడులు పెరగలె. 2024 డిసెంబర్‌లో కేంద్రం మన రాష్ట్రానికి ఇంకో ఏడు మంజూరు చేసింది. ఒక్కో ఏడు ఆలస్యమైతే ఒక్కో తరగతి పిల్లలకు ఆ గేటు మూసుకపోయినట్టే. పదేండ్ల పిల్లకు ఎదురుచూసే టైం ఉండది.

చుక్కా రామయ్య సారు జనగామ దగ్గరి గూడూరు బిడ్డ. హైదరాబాద్ నల్లకుంటల ఐఐటీ కోచింగ్ పెట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నడు. ఆయన దగ్గర చేరనీకే ఒక ప్రవేశ పరీక్ష ఉండె. ఆ పరీక్ష కోసమే వేరే కోచింగులు వెలిసినయి. అంటే గేటు ముందట గేటు. అప్పట్నుంచి ఇప్పటి దాక ఆ గేట్లు ఒక్కొక్కటి కిందికి జరిగి ఇయ్యాళ ఆరో తరగతి కాడికొచ్చి ఆగినయి. ఆరో తరగతిల మన పిల్ల ఎక్కడున్నది? లెక్కల పంతులు లేని బడిల ఉన్నది. రేపు అదే పిల్ల ఏడేండ్లు తర్ఫీదు పొందినోనితోని ఒక్క హాలుల కూసొని ఒక్క పేపర్ రాయాలె. పేపర్ ఒక్కటే గాబట్టి అందరికి న్యాయమే జరిగింది అంటరు. పరుగు పందెంల గీత ఒక్కటే ఉంటే సాలదు, బయలుదేరే జాగ గూడ ఒక్కటే ఉండాలె.

ఈ తేడాను లెక్కల పట్టిన చోటు మన దగ్గరే ఉన్నది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలల్ల ట్రిపుల్ ఐటీలు పెట్టిండ్రు. పది మార్కుల మీదనే సీటు. పదిల గ్రేడ్ పాయింట్లు ఉన్న రోజులల్ల, హాస్టల్ లేని సర్కారు బడిల చదివిన పిల్లలకు 0.4 పాయింట్లు కలిపి లెక్క కట్టేటోళ్లు. ఎంత చిన్న అంకె అది! ఆ చిన్న అంకె తోనే ఎన్నో ఊర్ల సర్కారు బడి పిల్లలు బాసర గేటు దాటిండ్రు. బయలుదేరే జాగ వేరని ఒప్పుకుంటే చాలు, ఫలితం మారుతది.

అమెరికాల మంచిగుంటదని కొందరంటరు. మనోళ్లు ఇంటికొకరు ఆడ ఉన్నరు గాబట్టి ఆ ముచ్చట గూడ తెలుసుకోవాలె. అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాలు మార్కులొక్కటే చూడవు. వ్యాసం రాయమంటయి, పంతులు సిఫారసు అడుగుతయి, ఆటలు పాటలు చూస్తయి. 2023లో రాజ్ చెట్టి, ఆయన తోటి ఆర్థికవేత్తలు ఒక పరిశోధన బయటపెట్టిండ్రు. హార్వర్డ్, యేల్ లాంటి పన్నెండు సంస్థలల్ల, ఒక్కటే పరీక్ష మార్కులు వచ్చిన పిల్లలల్ల గూడ, అందరికంటే ధనవంతులైన ఒక్క శాతం ఇండ్ల పిల్లలకు, మధ్యతరగతి పిల్లలకంటే రెండింతలకు పైగా సీట్లు వస్తున్నయని తేలింది. పద్ధతి మారినా పైసకు తొవ్వ దొరుకుతనే ఉన్నది. ఆడ గూడ హారం లెక్క కట్టినంకనే నిజం బయటికొచ్చింది.

దర్వాజ ఒక్కటి కాదు

ఇగ పనికొచ్చే ముచ్చట్లకు వద్దాం. అవకాశం అనేది ర్యాంకు మీదనే కాదు, ఏ దర్వాజ కాడ నిలబడ్డమనే దాని మీద గూడ ఉంటది.

ఐఐటీలల్ల స్థానికులకు కోటా లేదు. సంగారెడ్డి జిల్లా కందిల ఐఐటీ ఉన్నది. మన భూమిల మన కండ్ల ముందట ఉన్నది. కాని ఆ గోడ పక్క ఊరి పిల్లకు, ఢిల్లీ పిల్లకు ఒక్కటే లెక్క. ఎన్‌ఐటీలల్ల అట్ల గాదు. సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీగ పుట్టిన వరంగల్ ఎన్‌ఐటీల సగం సీట్లు తెలంగాణ పిల్లలయే. సర్కారు మెడికల్ కాలేజీలల్ల 15 శాతం అఖిల భారత కోటాకు పోంగ మిగిలిన 85 శాతం రాష్ట్రం చేతుల ఉంటయి. ఒక్కటే పిల్ల, ఒక్కటే తెలివి. మూడు దర్వాజల కాడ మూడు తీర్ల అవకాశం.

ఈడ ఒక మెలిక ఉన్నది, చెవినబెట్టండ్రి. ఎన్‌ఐటీ లెక్కల సొంత రాష్ట్రం అంటే పుట్టిన రాష్ట్రం కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. మెడికల్ సీటుకైతే 2024లో రాష్ట్ర సర్కారు తెచ్చిన నిబంధన ఇంకా గట్టిది. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాక వరుసగా నాలుగేండ్లు ఈడనే చదివితేనే లోకల్. కొందరు ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నయి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను నిలబెట్టింది. అప్పు తెచ్చి పిల్లను కోటకో, విజయవాడకో పంపిన తండ్రి, ఆ పైసలతోనే సొంత రాష్ట్రం హక్కును గూడ పోగొట్టుకునే పరిస్థితి. చేర్చుకునేటప్పుడు ఈ మాట చెప్పే పీఆర్వో ఉంటడా? ఉండడు.

ఐఐటీ, మెడిసిన్ రెండే లోకం గాదు. గచ్చిబౌలిల కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నది. 1969 ఉద్యమం, ఆ తర్వాత 1973ల ఆరు సూత్రాల పథకం, వాటి ఫలితంగ 1974లో వచ్చింది. అండ్ల ఇంటర్ కాంగనే చేరే ఐదేండ్ల కోర్సులున్నయి. సీయూఈటీ అనే పరీక్ష రాయాలె. దాన్ని తెలుగుల గూడ రాయొచ్చు. ములుగుల సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసింది. సైన్సు మీద ప్రేమ ఉన్నోళ్లకు ఐజర్‌లు, లెక్కల మీద ప్రేమ ఉన్నోళ్లకు కలకత్తా గణాంక సంస్థ, చట్టం చదివేటోళ్లకు నల్సార్ ఉన్నయి. ప్రతిదానికి వేరే పరీక్ష, వేరే తేదీ. ఎంపీసీ, బైపీసీ కాకుంట సీఈసీ, హెచ్‌ఈసీ చదివే పిల్లలకు ఈ దర్వాజల పేర్లే ఎవ్వరు చెప్పరు. వాళ్లను లెక్కలకే పట్టరు.

చెల్లెండ్లకు ఒక మాట. 2018 నుంచి ఐఐటీలల్ల ఆడపిల్లలకు అదనపు సీట్లు సృష్టించి, ఇరవై శాతం దాక తెచ్చిండ్రు. మగపిల్లగానికి సీటు రాని ర్యాంకుకు ఆడపిల్లకు వచ్చే సందర్భాలు ఎన్నో ఉన్నయి. ‘ఆడపిల్లను అంత దూరం ఎందుకు పంపుడు’ అనేటోళ్లు ఈ లెక్క ఒక్కసారి చూడాలె.

కాయితం కాడ ఆగిన సీట్లు

పరీక్షల గెలిచి కాయితం కాడ ఓడిన పిల్లలు ఎంతమందో! ఇది తలకాయ నొప్పి ముచ్చటే, కాని సీట్లు పోయేది ఈడనే.

బీసీ పిల్లలకు మీసేవల తీసుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ ఐఐటీకి, ఎన్‌ఐటీకి పనికిరాదు. కేంద్రం నమూనాల ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలె. అది గూడ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలె. ఈడబ్ల్యూఎస్‌కు గూడ అంతే. మన రాష్ట్ర బీసీ జాబితాల ఉన్న కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాల లేనే లేవు. ఈ సంగతి కౌన్సెలింగ్ నాడు తెలిస్తే ఏం లాభం? తహసీల్ ఆఫీసుకు పోయేది ఏప్రిల్‌ల, జూన్‌ల కాదు.

ఇంకోటి. ర్యాంకొచ్చినా ఇంటర్‌ల 75 శాతం మార్కులు, లేకుంటే బోర్డుల పైన ఉన్న 20 పర్సెంటైల్‌ల ఉండాలె. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఇంటర్‌ను పక్కకు పెట్టి ఎంట్రెన్స్ ఒక్కటే చదివితే ఈడ దెబ్బ తగులుతది. అడ్వాన్స్‌డ్ రాసేది రెండేసార్లు, అదీ వరుస రెండేండ్లల్లనే.

పైసల సంగతి. ఐఐటీల ట్యూషన్ ఫీజు ఏడాదికి రెండు లక్షలని విని గుండె పట్టుకునే తండ్రులున్నరు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగ మాఫీ. ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉన్న ఏ కులమోళ్లకైనా పూర్తి మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల దాక ఉన్నోళ్లకు మూడొంతుల్ల రెండొంతులు మాఫీ. జామీను లేకుంట పూచీదారు లేకుంట బ్యాంకు అప్పు ఇచ్చే పథకాన్ని 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించింది.

కాని సీటు పట్టుకునే నాడు చేతుల పైసలుండాలె. 2024లో ఉత్తరప్రదేశ్‌ల ఒక దళిత దినకూలీ కొడుకుకు ధన్‌బాద్ ఐఐటీల సీటొచ్చింది. సీటు పట్టుకోనీకి కట్టాల్సింది 17,500 రూపాయలు. ఊరోళ్ల దగ్గర జమ చేసేసరికి గడువు దాటింది. సీటు పోయింది. ఆ పిల్లగాడు తిరిగి తిరిగి సుప్రీంకోర్టు దాక పోయిండు. సెప్టెంబర్ 30న కోర్టు తన ప్రత్యేక అధికారం వాడి ఆ సీటు ఇప్పించింది. ఆ పిల్లగాడు గెలిచిండు, సంతోషం. కోర్టు దాక పోలేనోళ్ల లెక్క ఎవరు రాసిండ్రు? మన సిరిసిల్ల దిక్కున గూడ అదే ఏడాది, ఐఐటీ సీటొచ్చిన గిరిజన బిడ్డ పైసలు లేక మేకలు కాసుకుంట ఉంటే, పత్రికలల్ల వచ్చినంక సర్కారు కదిలింది. వార్త వస్తేనే సీటు నిలబడ్తదంటే అది ఏర్పాటు గాదు, అదృష్టం.

ఏ భాషల ఆలోచిస్తదో ఆ భాషల

జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగుతో సహా పదమూడు భాషలల్ల పెడుతున్నరు. నీట్ 2017 నుంచే తెలుగుల గూడ ఉన్నది. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీలల్లనే. హిందీ పిల్లగాడు తన భాషల రాయొచ్చు. తెలుగు పిల్ల రాయొద్దు. ఎందుకు? 1918లో మొదలైన ఉస్మానియాల ఇంజనీరింగు, వైద్యం గూడ ఉర్దూల చెప్పిండ్రు. దేశ భాషల పెద్ద చదువు చెప్పొచ్చని ఈ నేల అప్పుడే చూపెట్టింది. నూరేండ్లు దాటినంక ప్రశ్న పత్రమైనా మన భాషల ఇయ్యలేరా? ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే, ఎవ్వరు కాదనరు. కాని భౌతికశాస్త్రం వచ్చా అని పరీక్షించేటప్పుడు ఇంగ్లీషు వచ్చా అని పరీక్షించుడు న్యాయం గాదు.

లోపలికి పోయినంక

సీటొస్తే కత ఒడిసినట్టు గాదు. ఐదేండ్లల్ల కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పిల్లలు చదువు నడుమ బయటికొచ్చిండ్రని 2023 డిసెంబర్‌లో కేంద్రం లోక్‌సభకు చెప్పింది. అందుల ఐఐటీలయే మూడున్నర వేలు. కొందరు వేరే కోర్సుకు పోయి ఉంటరని సర్కారు అన్నది. ఉండొచ్చు. కాని 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంల రోహిత్ వేముల సంగతి చూసినోళ్లం, గేటు లోపల ఏమయితదో అడగకుంట ఉండలేం. బాసరల 2022 జూన్‌లో వేలమంది పిల్లలు వానల కూసొని తిండి, వసతులు, పంతుళ్లు అడిగిండ్రు. పిల్లలు గేటు దాటితే సాలదు, లోపల నిలబడాలె.

మిగిలిన డెబ్బై తొమ్మిది మంది

ఇప్పుడు అన్నిటికంటే బరువైన మాట. ఎనభై మందిల ఒక్కరికి సీటు. మరి డెబ్బై తొమ్మిది మంది ఏంగావాలె?

హారం దాస్తే వచ్చే అసలు నష్టం ఇదే. ఫొటోలే చూపెడ్తె, సీటొచ్చుడే మామూలు, రాకపోవుడే వింత అని ఇంట్ల నమ్ముతరు. సీటు రాని పిల్ల తను ఒక్కతే ఓడినట్టు అనుకుంటది. ఆ పిల్ల ఒక్కతే గాదు. ఆమె పక్కన పద్నాలుగు లక్షల మంది నిలబడి ఉన్నరు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలె. జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంల పాణం తీసుకున్న విద్యార్థులు 13,044 మంది. 2019 ఏప్రిల్‌ల మన ఇంటర్ ఫలితాలల్ల తప్పులు దొర్లినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు పోయిండ్రు. ఉద్యమంల పోయిన పిల్లల ఫొటోలు గుండెకు పెట్టుకొని తిరిగినోళ్లం మనం. రాష్ట్రం వచ్చినంక మార్కుల కోసం ఒక్క పాణం పోయినా మనం తట్టుకోవద్దు.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ర్యాంకు మీ విలువ గాదు. ఒక దినం, ఒక పేపర్, ఒక హాలు. అంతే. మనసు బరువైతే దాచుకోకుండ్రి. అమ్మకు చెప్పండ్రి, పంతులుకు చెప్పండ్రి, సోపతిగానికి చెప్పండ్రి. 14416 టెలీమానస్ నంబరు, ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగుల మాట్లాడ్తరు. తల్లిదండ్రులకు ఒకటే విన్నపం. ఫలితాలొచ్చిన నాడు మొదటి మాట ‘ఎన్ని వచ్చినయి’ అని గాకుంట ‘తిన్నవా బిడ్డా’ అని అడగండ్రి.

ఏం అడగాలె, ఏం చేయాలె

అడగాల్సినవి చెప్తం. ప్రతి కాలేజీ, ప్రతి కోచింగ్ సంస్థ, సర్కారు గురుకులాలతో సహా, ఎంతమందిని చేర్చుకున్నది, ఎంతమందికి సీటొచ్చింది పక్కపక్కన రాయాలె. హారం లేని ప్రకటనను ఆపాలె. ఉన్నత పాఠశాలలల్ల లెక్కలు, సైన్సు పంతుళ్ల ఖాళీ ఒక్కటి గూడ ఉండొద్దు. మంజూరైన నవోదయలు ఆలస్యం లేకుంట నడవాలె. అడ్వాన్స్‌డ్ ప్రశ్న పత్రం తెలుగుల రావాలె. సీటొచ్చిన పేద పిల్లకు కట్టాల్సిన మొదటి పైసలు ఇరవై నాలుగు గంటలల్ల ఇచ్చే నిధి ప్రతి కలెక్టర్ దగ్గర ఉండాలె. పత్రికల వార్త వచ్చేదాక ఆగొద్దు.

సర్కారు చేసేదాక మనం చేతులు కట్టుకొని కూసుంటమా? రిలే దీక్షల టెంట్లు వేసినోళ్లం మనం. రోడ్డు మీద వంటావార్పు చేసినోళ్లం. 2011లో 42 దినాలు సకల జనుల సమ్మె నడిపినోళ్లం. ఆ ఊర్లల్ల, ఆ మండలాలల్ల డిగ్రీలు చదివిన వేలమంది ఉన్నరు. మండలానికి ఒక టెంటు చాలు. నవంబర్‌ల జేఈఈ ఫారం, ఆ తర్వాత నీట్, సీయూఈటీ, ఏప్రిల్‌ల సర్టిఫికెట్లు, జూన్‌ల కౌన్సెలింగ్. ఒక కంప్యూటర్, ఒక క్యాలెండర్, ఓపికున్న ఇద్దరు మనుషులు. గురుకులం ఫారం, నవోదయ ఫారం నింపనీకి ప్రతి బడికి ఒకరు. ఐఐటీ కాన్పూర్ నడిపే ‘సాథీ’ పాఠాలు ఉచితం, మన టీ-సాట్ పాఠాలు ఉచితం. అవి ఉన్నయని చెప్పే మనిషే కావాలె.

మన పిల్లకు అవకాశం ఎంత అని ఇగ ఎవర్నీ అడగొద్దు. అవకాశం జాతకంల రాసి ఉండది. పంతులు ఉన్నడా, ఫారం తేదీ తెలుసా, సర్టిఫికెట్ ఉన్నదా, మొదటి పైసలు ఉన్నయా, సీటు రాకపోతే పక్కన నిలబడే మనిషి ఉన్నడా. ఈ ఐదింటికి జవాబు చెప్తే అదే అవకాశం. ఇవాళ సభ ఒడిసినంక పోకుండ్రి. ఈ బల్ల కాడ ఒక నోటు పుస్తకం పెట్టినం. మీ ఊరి పేరు, మీ బడిల పది చదివే పిల్లలు ఎంతమంది, ఎంతమంది ఏ ఫారం నింపిండ్రు, రాసి పోండ్రి. హారం మన దగ్గర్నుంచే మొదలుకావాలె.